పేరున్న కుక్క, పేరులేని కాటు

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్ మొదలుకొని టోసా ఇను, డోగో అర్జెంటీనో, బోయర్‌బోయల్, టార్న్‌జాక్, అక్బాష్ దాకా 23 జాతుల కుక్కల పేర్లు అందులో ఉన్నాయి. వీటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలి, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి అన్నది లేఖ సారాంశం. ఇక టీవీ తెరలకు పండగే. కోరలు బయటపెట్టిన కుక్క తలకాయలు వరుసకట్టాయి, వెనక నుంచి గుర్రుమనే శబ్దం, కింద ఎర్రపట్టీ. మనదేశంలో ఎవరైనా కళ్లారా చూశారో లేదో తెలియని టార్న్‌జాక్ కూడా ఆ వారం తెలుగువాళ్ల ఇళ్లలో భయపెట్టింది.

చేబ్రోలు బ్రహ్మగుడి కోనేటి గట్టున, తెనాలి బస్టాండులో, బాపట్ల రైల్వే స్టేషన్ బయట, రేపల్లె చేపల మార్కెట్ దగ్గర పడుకునే కుక్కల్లో ఆ 23 పేర్లలో ఏ ఒక్కటీ కనిపించదు. అవి ఊరకుక్కలు. వాటికి జాతి పేరు లేదు, యజమాని లేడు, మెడకు పట్టీ లేదు. ఈ ప్రాంతంలో కుక్క కరిచిందని ప్రభుత్వాసుపత్రి మెట్లెక్కేవాళ్లలో అత్యధికుల్ని కరిచేవి ఇవే. వీటి సంగతి ఏ చర్చా కార్యక్రమంలోనూ గంటసేపు నడవదు. పత్రికల్లో, తెరలమీద మనం పరుస్తున్న భయం ఒక దిక్కున ఉంది, ప్రమాదం ఇంకో దిక్కున ఉంది. ఈ రెంటి మధ్య ఎడం పెరిగేకొద్దీ ప్రాణాలు పోతాయి. ఈ హెచ్చరిక ముందుగా మా పాత్రికేయ వృత్తికే.

మన జిల్లా అనుబంధాల్లో కుక్కకాటు వార్త ఎలా ఉంటుందో పాఠకులకు కంఠతా వచ్చు. ‘కుక్కల స్వైరవిహారం – పలువురికి గాయాలు’ అని శీర్షిక. ఫలానా వీధిలో ఉదయం కుక్క దాడి చేసిందని, క్షతగాత్రుల్ని ఆసుపత్రికి తరలించారని, కుక్కల బెడద తప్పించాలని స్థానికులు కోరుతున్నారని మూడు వాక్యాలు. కొంచెం ఉత్సాహవంతుడైన విలేకరి అయితే ‘రెచ్చిపోయిన గ్రామసింహాలు’ అంటాడు. అక్కడితో సరి. ఆసుపత్రిలో యాంటీ రేబీస్ టీకా ఉందా, గాయంలోకి ఎక్కించాల్సిన సీరం ఉందా, లేక గుంటూరు వెళ్లమన్నారా? కరిచిన కుక్క పదో రోజుకి బతికే ఉందా, చచ్చిందా? ఆ పంచాయతీలో కుక్కలకు చివరిసారి టీకా వేసింది ఎప్పుడు? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ వార్తలోకి రాదు. మర్నాడు ఆ వార్తకు కొనసాగింపూ ఉండదు. ఆ కుక్కకు పిచ్చి ఉందో లేదో తేల్చే గడువు పది రోజులైతే, మన వార్తకు ఆయుష్షు ఒక్క రోజు.

అదే కుక్కకు పేరుంటే లెక్క మారిపోతుంది. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల రిటైర్డ్ ఉపాధ్యాయిని సొంత ఇంటి పిట్‌బుల్ దాడిలో చనిపోయారు. ఘోరమే, కాదనలేం. ఆ కుక్క ముద్దుపేరుతో సహా దేశమంతటికీ తెలిసింది. 2024 మేలో చెన్నై నుంగంబాక్కం కార్పొరేషన్ పార్కులో అయిదేళ్ల పాపను రెండు రాట్‌వీలర్లు తీవ్రంగా గాయపరిచాయి. అప్పుడూ రాట్‌వీలర్ దవడ బలమెంత, బరువెంత అన్న దానిమీద నడిచినంత చర్చ ఆ కుక్కల మెడకు తాడు ఎందుకు లేదు, మూతికి చిక్కం ఎందుకు లేదు అన్న దానిమీద నడవలేదు.

హైదరాబాద్‌కు వద్దాం. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో భోజనం పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడు, తలుపు తీయగానే మీదికి వచ్చిన పెంపుడు కుక్కకు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి ప్రాణం పోగొట్టుకున్నాడు. అది జర్మన్ షెపర్డ్. నాలుగు నెలలకే మణికొండలో మరో డెలివరీ కుర్రాడు అదే రకంగా దూకి గాయపడ్డాడు. అది డాబర్‌మన్. ఏడాది తర్వాత వచ్చిన 23 పేర్ల జాబితాలో ఈ రెండు జాతులూ లేవు. జాబితాలో ‘టెర్రియర్స్’, ‘మాస్టిఫ్స్’ అని కుటుంబాలకు కుటుంబాలనే గుండుగుత్తగా రాసేశారు. గుప్పెడంత బొచ్చుకుక్క కూడా టెర్రియరే అవుతుంది. పెంపకందార్ల మాట వినకుండా ఇలాంటి ఉత్తర్వు ఇవ్వడం చెల్లదంటూ కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న ఆ లేఖను కొట్టేసింది. లేఖ వచ్చినప్పుడు ఊగిపోయిన తెరలమీద, అది పోయినప్పుడు చప్పుడు పెద్దగా వినబడలేదు. నిషేధం ఇంకా అమల్లో ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ తగుల్తూనే ఉంటారు.

జాతికి ఏ పాత్రా లేదని మేం అనడం లేదు. నలభై, యాభై కిలోల కుక్క పట్టుకుంటే జరిగే నష్టం, పది కిలోల కుక్క కరిస్తే జరిగే నష్టం ఒకటి కావు. అమెరికాలో 1979 నుంచి 1998 వరకు కుక్కల దాడిలో పోయిన ప్రాణాల్లో, జాతి వివరం దొరికిన 238 మరణాలను అక్కడి ఆరోగ్య నిపుణులు పరిశీలించారు. సగానికి పైగా మరణాలకు కారణం పిట్‌బుల్ తరహావి, రాట్‌వీలర్లే. అయితే ఈ లెక్కతో ఏ జాతి ఎంత ప్రమాదకరమో చెప్పలేమని రాసిందీ ఆ నిపుణులే. ఏ జాతి కుక్కలు దేశంలో ఎన్నున్నాయో తెలియందే నిష్పత్తి కట్టలేరు. పైగా కంటితో చూసి ‘ఇది పిట్‌బుల్’ అన్నవాటిలో కొన్నిటికి జన్యుపరీక్ష చేస్తే ఆ జాతి ఆనవాలే ఉండదు. ఆ తర్వాత అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ జాతుల వారీ లెక్క మానుకుంది. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకాస్త ముందుకు వెళ్లింది. 18 వేలకు పైగా కుక్కల ప్రవర్తన వివరాలు, 2,155 కుక్కల జన్యువులు చూసి, ఒక్కో కుక్క నడవడిలో కనిపించే తేడాల్లో జాతితో ముడిపెట్టగలిగింది సుమారు 9 శాతమేనని తేల్చింది. మిగతాది పెంపకం, అలవాటు, ఆకలి, నొప్పి, భయం, ఆ కుక్క సొంత స్వభావం.

కాలాన్నిబట్టి దయ్యం మారుతుంటుంది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బ్లడ్‌హౌండ్ అంటే హడలు, పారిపోయిన బానిసలను వేటాడించిన కుక్కగా నాటకాల్లో దానికి వేషం కూడా ఉండేది. హిట్లర్ కాలం తర్వాత ఆ అపకీర్తి డాబర్‌మన్‌కు వచ్చింది. మన సినిమాల్లో విలన్ బంగళా గేటు తెరిస్తే మొరిగేవి అవే. 1987 జులైలో ‘స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్’ ముఖచిత్రంగా నోరు తెరిచిన పిట్‌బుల్‌ను అచ్చేసింది. అక్కడి నుంచి ఆ కిరీటం దానిదే. బ్రిటన్ 1991లో పత్రికల హోరు మధ్య హడావుడిగా చట్టం తెచ్చి పిట్‌బుల్ సహా నాలుగు జాతుల్ని నిషేధించింది. 1998 నుంచి 2018 మధ్య ఇంగ్లండ్‌లో కుక్కకాటుతో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన పెద్దల నిష్పత్తి రెట్టింపు దాటింది. చేసేది లేక 2023 చివర్లో ఎక్స్‌ఎల్ బుల్లీ అని అయిదో పేరు చేర్చారు. నెదర్లాండ్స్ 1993లో పెట్టిన పిట్‌బుల్ నిషేధంతో కాట్లు తగ్గలేదని చూసి పదిహేనేళ్లకు దాన్ని వదిలేసింది.

భయపెట్టే ప్రచారానికి ఇంకో ముఖం ఉంది. ‘ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన కుక్క’ అన్న వీడియో పది లక్షల మందిని భయపెడితే, అందులో కొందరికి ఆ కుక్కే కావాలనిపిస్తుంది. గేటు దగ్గర కట్టేస్తే వీధిలో పరువు. అలాంటివాడు కొనే కుక్కపిల్ల ఏ పరిస్థితుల్లో పెరుగుతుందో ఊహించండి. మే నెలలో గుంటూరు ఎండ సంగతి తెలిసిందే. మంచుదేశాల బొచ్చుకుక్కల్ని తెచ్చి డాబామీద రేకుల కింద, మూరెడు గొలుసుతో కట్టేస్తారు. పగలంతా రొప్పుతూ, మనుషుల అలికిడికి అలవాటు పడకుండా, పిల్లలు రాళ్లు విసిరితే తప్పించుకునే చోటు లేకుండా పెరిగిన కుక్క ఒకరోజు గొలుసు తెంపుకుంటుంది. ఆ రోజు వార్తలో జాతి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. గొలుసు పొడవు ఎక్కడా ఉండదు.

పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనిషి ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కుక్కపిల్లల వ్యాపారానికి 2017 నుంచి కేంద్ర నిబంధనలున్నాయి. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఈ నిబంధనలు తెలిసిన అమ్మకందార్లు ఎందరో, తెలిసిన విలేకరులు ఎందరో లెక్క తీస్తే రెండువైపులా సిగ్గుపడాల్సి రావచ్చు. విదేశీ కుక్కల మోజు సరే, ఇదే తెలుగునేల మీద కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు కాసిన జోనంగి అనే మన సొంత జాతి ఒకటుంది. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు, ఈ ఎండకూ ఈ నీటికీ పుట్టిన కుక్క. అది ఎవర్నీ భయపెట్టదు గనక దానికి కెమెరా తిరగదు.

ఇక అసలు ప్రమాదం. కుక్క కోరల కంటే దాని చొంగ ఎక్కువమందిని చంపుతుంది. 2024లో దేశంలో 37,17,336 కుక్కకాటు కేసులు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. రేబీస్‌గా అనుమానించిన మరణాలు 54 అని కూడా చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి ఇంటింటా చేయించిన సర్వే ఆధారంగా వేసిన అంచనా మాత్రం ఏడాదికి 5,726 మరణాలు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధంలో ఎవరికీ తెలియకుండా ఇళ్లలోనే పోయినవాళ్లు ఉన్నారు, వైద్యం కోసం వచ్చి ఇంకో జబ్బు పేరుతో పోయినవాళ్లు ఉన్నారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు. బయటపడక ముందు టీకా సక్రమంగా వేసుకుంటే దాదాపుగా ఎవరూ చావరు. వైద్యంలో ఇంత తెగ్గొట్టినట్టుండే లెక్క అరుదు.

2025 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్‌లో 22 ఏళ్ల కబడ్డీ ఆటగాడు రేబీస్‌తో చనిపోయాడు. మురుగుకాల్వలో పడ్డ వీధికుక్క పిల్లను బయటకు తీస్తుంటే వేలికి పన్ను దిగింది. ఆటలో తగిలిన దెబ్బే కదా అనుకున్నాడు, సూది వేయించుకోలేదు. నీళ్లు చూస్తే వణికిపోతున్న ఆ కుర్రాడి వీడియో దేశమంతా తిరిగింది. చంపింది పిట్‌బుల్ కాదు, అరచేతిలో పట్టే కుక్కపిల్ల. ప్రమాదకరమైన కుక్క అంటే ఎత్తుగా, దవడలు ఉబ్బి, విదేశీ పేరుతో ఉంటుందని రోజూ చూపిస్తూ పోతే ‘పిల్లకుక్కే కదా’, ‘మన వీధి కుక్కే కదా’, ‘గీరుకుపోయిందంతే’ అన్న ధీమా జనంలో పెరగదా? ఆ ధీమా పెంచడంలో మా వాటా లేదని చెప్పలేం.

కరిచిన చోట ఏం చేయాలన్నది మన పల్లెల్లో ఇప్పటికీ తిరకాసుగానే ఉంది. కారం అద్దుతారు. సున్నం రాస్తారు. ఆకుపసరు పోసి కట్టు కడతారు. పెద్దవాళ్లయితే ‘బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు’ అని భయపడి ఆసుపత్రికే వెళ్లరు. ఆ పాత మందు తయారీని మనదేశం 2004లోనే ఆపేసింది. ఇప్పుడు వేసేది భుజానికి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటిరోజు, అక్కడి నుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంట్లోనే ఉంది. కుళాయి తిప్పి, ధారగా పడే నీటి కింద గాయాన్ని పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే నిజంగా పదిహేనే, రెండుసార్లు నీళ్లు చల్లి తుడవడం కాదు. కట్టు బిగించకూడదు, కుట్లు తొందరపడి వేయకూడదు. రక్తం వచ్చేలా దిగిన కాటైతే టీకాతోపాటు ఆ గాయం చుట్టూ, లోపలికి సీరం ఎక్కించాలి. ముఖం మీద, చేతివేళ్ల మీద కాటైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూడు సూదులయ్యాక ‘తగ్గింది కదా’ అని నాలుగోదానికి వెళ్లనివాళ్లు ఉన్నారు. తగ్గింది పుండు మాత్రమే.

చేబ్రోలు పాడి ఉన్న ఊరు. మండలంలోని వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. పిచ్చికుక్క గేదెను కరిచిన ఊళ్లలో ఏం జరుగుతుందో ఇక్కడి రైతుకు చెప్పక్కర్లేదు. గేదె నోటివెంట చొంగ కారి, మేత మానేసి, గుంజకు తల కొట్టుకుని చస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యిపెట్టి చూసిన రైతుకు ఆ చొంగ తగులుతుంది. దాని పాలు పోయించుకున్న వీధివీధంతా ఆసుపత్రి ముందు బారులు తీరుతుంది. కాచిన పాలతో భయం లేదని చెప్పేవాడు ఉండడు, చెయ్యిపెట్టిన రైతు మాత్రం తప్పక సూది వేయించుకోవాలని చెప్పేవాడూ ఉండడు. ఈ వార్త రాయడానికి జాతుల పరిజ్ఞానం అవసరం లేదు. ఊళ్లో పశువైద్యుణ్ని ఒక్క మాట అడిగితే చాలు.

ఊరకుక్క ప్రాణం తీసిన సందర్భాలూ మన కళ్లముందే ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు. 2025 ఏప్రిల్‌లో, చేబ్రోలుకు దగ్గర్లోని గుంటూరు స్వర్ణభారతి నగర్‌లో మరో నాలుగేళ్ల బాబు. అంబర్‌పేట సీసీ కెమెరా దృశ్యాన్ని చానళ్లు ఎన్నిసార్లు తిప్పాయో లెక్కలేదు. గుండ్రంగా గీత గీసి, నెమ్మదిగా నడిపించి, మళ్లీ మొదటికి తెచ్చి. ఆ తల్లిదండ్రులు ఏ తెర ముందు కూర్చున్నారో ఆలోచించినవాళ్లు లేరు. ఆ దృశ్యం చూపకుండా అదే వార్త చెప్పలేరా? చెప్పగలరు. చెత్తకుండీ ఎక్కడుంది, కోడిమాంసం దుకాణాల వ్యర్థాలు ఎక్కడ పోస్తున్నారు, ఆ ప్రాంతంలో ఎన్ని కుక్కలకు ఆపరేషన్లయ్యాయి అన్నవి చెబితే అది వార్త అయ్యేది. మన ఊళ్లలో ఆదివారం సాయంత్రం కాలువగట్ల మీద సంచుల్లో పారబోసే కోడి పేగులు, ఈకల చుట్టూ ఎన్ని కుక్కలు గుంపు కడతాయో చూస్తే, గుంపు ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది.

ఇలా ఎగదోసిన భయం చివరకు ఎక్కడికి పోతుందో కూడా చూశాం. 2021లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా లింగపాలెంలో దాదాపు 300 కుక్కల్ని చంపి పూడ్చారన్న ఆరోపణ రాష్ట్రాన్ని కుదిపింది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ముసుగులు వేసుకొచ్చినవాళ్లు దాదాపు 20 కుక్కల్ని తుపాకీతో కాల్చేశారు. దయాదాక్షిణ్యాల మాట పక్కన పెట్టినా ఇది తెలివితక్కువ పని. ఉన్న కుక్కలు పోతే ఆ తిండి కోసం పక్క ఊళ్ల నుంచి టీకాలేని కొత్త కుక్కలు వస్తాయి. గోవా చంపలేదు. ఏటేటా వలలు పట్టుకుని వీధివీధీ తిరిగి, కుక్కల్లో నూటికి డెబ్బై వంతులకు టీకాలు వేసే పని పట్టుదలగా సాగించింది. 2018 తర్వాత కొన్నేళ్లపాటు అక్కడ మనిషి రేబీస్ మరణమే లేదు. మన దగ్గర ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు, శాస్త్రవేత్త పాశ్చర్ మనిషికి మొదటిసారి రేబీస్ టీకా వేసిన రోజది. మంచి పనే. కానీ ఊరకుక్కను ఆ ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?

పత్రికా శీర్షికకు బలం లేదని ఎవరూ అనలేరు. 2025 జులై 28న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల వ్యవహారాన్ని తనంతట తాను చేపట్టింది ఒక ఇంగ్లిషు దినపత్రిక వార్త చదివే. ఆ వార్త శీర్షికే కేసు పేరైంది. ఆగస్టు 11న కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న ఉత్తర్వు, 22న దానికి సవరణ. ఆపరేషన్, టీకా అయినవాటిని పట్టినచోటే వదలాలి, పిచ్చెక్కినవి, మీదపడేవి తప్ప. మొదటి ఉత్తర్వుకు పెద్ద అక్షరాలు, రెండోదానికి చిన్న అక్షరాలు దక్కాయి. నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోకి కుక్కలు రాకుండా కంచె ఉండాలి, చూసుకోవడానికి బాధ్యుడైన అధికారి ఉండాలి, స్థానిక సంస్థ మూడు నెలలకోసారి తనిఖీ చేయాలి, ఆసుపత్రుల్లో టీకా, సీరం ఎప్పుడూ నిల్వ ఉండాలి అని.

ఆ ఉత్తర్వు ఢిల్లీకి మాత్రమే కాదు, చేబ్రోలు హైస్కూలుకూ వర్తిస్తుంది. అక్కడి బాధ్యుడైన అధికారి ఎవరు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈరోజు సీరం ఎన్ని వయల్స్ ఉన్నాయి? కోడి వ్యర్థాలు కాలువలో పోసినందుకు పంచాయతీ ఈ ఏడాది ఎందరికి జరిమానా వేసింది? జిల్లా అనుబంధాల విలేకరులకు ఈ వారం ఇవ్వాల్సిన పని ఇది. పిట్‌బుల్ ఫోటో అక్కర్లేదు, ఒక నోటుబుక్కు, మూడు ప్రశ్నలు, సమాధానం చెప్పినవారి పేరు, హోదా చాలు. సమాధానం రాకపోతే ఆ సంగతి కూడా పేరుతో సహా అచ్చువేయాలి.